మైకు దిగిన ప్రెస్ సెక్రటరీ పుస్తకం రాస్తే: ఇరాక్ యుద్ధ జ్ఞాపకాలపై అపోహలు, వాస్తవాలు

యుద్ధం ఎందుకు తప్పదో రోజూ మైకు ముందు నిలబడి చెప్పిన మనిషే, పదవి దిగాక ఆ యుద్ధాన్ని తప్పుబడుతూ పుస్తకం వేస్తే రచ్చ ఖాయం. అమెరికాలో 2008 మే చివర్లో అదే జరిగింది. అప్పటి అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ. బుష్‌కు 2003 జులై నుంచి దాదాపు మూడేళ్ళు ప్రెస్ సెక్రటరీగా, అంటే విలేకరులకు జవాబు చెప్పే ప్రతినిధిగా పనిచేసిన స్కాట్ మెక్‌క్లెల్లన్ పుస్తకం 'వాట్ హ్యాపెన్డ్' సరిగ్గా దుకాణాలకు చేరకముందే రెండు తీర్పులు వచ్చేశాయి. ఒకరేమో ఇన్నాళ్ళకు నిజం కక్కాడన్నారు. ఇంకొకరు తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడన్నారు. ప్రకటనలు తయారుచేసే పనిలోనో, ఇలాంటి రాతప్రతులు సరిచూసే పనిలోనో ఉన్నవాళ్ళకు ఈ రెండూ తొందరపాటు తీర్పులే అనిపిస్తాయి. ఎక్కువగా వినబడే అపోహలు ఇవి.

అపోహ: ప్రెస్ సెక్రటరీ లోపలి మనిషి, యుద్ధం వెనకున్న అసలు సంగతి ఆయనకు తెలిసే ఉంటుంది

బుష్ హయాంలో వైట్‌హౌస్ ప్రెస్ ఆఫీసు రోజు ఎలా నడిచేదో చూస్తే ఈ అపోహ నిలవదు. పొద్దున్నే కెమెరాలు లేకుండా విలేకరులతో ఒక చిన్న సమావేశం, దాన్ని 'గ్యాగిల్' అంటారు. మధ్యాహ్నం జేమ్స్ బ్రేడీ పేరున్న విలేకరుల గదిలో టీవీ కెమెరాల ముందు బ్రీఫింగ్. ఈ రెంటికీ మధ్య సిబ్బంది విదేశాంగ శాఖ, పెంటగాన్, జాతీయ భద్రతా మండలి నుంచి 'గైడెన్స్' తెప్పిస్తారు. అంటే ఫలానా ప్రశ్న వస్తే ఫలానా జవాబు అని రాసిన కాగితాలు. అవన్నీ ఒక లావుపాటి ఫైలులో చేరతాయి. ఒక్కో వాక్యం ఐదారు చేతులు మారి వస్తుంది. ఏ చేతిలో ఏ మాట తెగిపోయిందో ఆఖరున చదివేవాడికి కనిపించదు.

ఉదాహరణకు అల్యూమినియం గొట్టాల సంగతి చూడండి. ఇరాక్ కొనబోయిన ఆ గొట్టాలు అణుబాంబుకు కావలసిన యురేనియం శుద్ధి యంత్రాల కోసమేనని 2002 సెప్టెంబరు నుంచి ప్రభుత్వ పెద్దలు బహిరంగంగా చెప్పారు. అదే ఏడాది అక్టోబరులో తయారైన జాతీయ నిఘా అంచనాలో మాత్రం ఇంధన శాఖ నిపుణుల అనుమానం ఉంది, విదేశాంగ శాఖ నిఘా విభాగం విడిగా రాసిన అసమ్మతి ఉంది. మైకు దగ్గరికి వచ్చేసరికి అనుమానం జారిపోయి గొట్టాలు మిగిలాయి. వడ్డించేవాణ్ణి అడిగితే వంటలో ఏం పడిందో చెప్పలేడు గానీ, ఏ గిన్నె ఎవరు అందించారో మాత్రం చెప్పగలడు.

ఇంకో సంగతి చాలామంది మర్చిపోతారు. యుద్ధానికి మద్దతు కూడగట్టిన ఆరు నెలలూ, అంటే 2002 సెప్టెంబరు నుంచి 2003 మార్చి దాకా, ప్రధాన ప్రతినిధి అరీ ఫ్లైషర్. మెక్‌క్లెల్లన్ అప్పుడు ఆయన కింద డిప్యూటీ. 2003 జులై 15న మెక్‌క్లెల్లన్ బాధ్యతలు తీసుకునేనాటికి యుద్ధం మొదలై నాలుగు నెలలైంది. ఇరాక్ ఆఫ్రికాలో యురేనియం కొనబోయిందన్న కథను తప్పుబడుతూ మాజీ రాయబారి జోసెఫ్ విల్సన్ వ్యాసం జులై 6న వచ్చింది. రహస్యంగా పనిచేస్తున్న ఆయన భార్య వాలరీ ప్లేమ్ అమెరికా నిఘా సంస్థ సీఐఏ ఉద్యోగిని అని పత్రికా రచయిత రాబర్ట్ నోవాక్ కాలమ్ బయటపెట్టింది జులై 14న. ఆ మర్నాడే మెక్‌క్లెల్లన్ కుర్చీ ఎక్కాడు. కాబట్టి ప్లేమ్ పేరు బయటికి పొక్కిన వ్యవహారంలో, దానిమీద ఇచ్చిన ప్రకటనల్లో ఆయన ప్రత్యక్ష సాక్షి. ఇరాక్‌లో సామూహిక వినాశన ఆయుధాలు ఉన్నాయా లేవా అన్నదాంట్లో మాత్రం ఆయన మాట సాక్ష్యం కాదు, తర్వాత కూర్చుని చేసుకున్న ఆలోచన. పుస్తకంలో రెండూ ఒకే గొంతుతో సాగుతాయి. విడదీసుకోవడం చదివేవాడి పని.

అపోహ: బుష్ కావాలని అబద్ధమాడాడని ఆ పుస్తకంలో ఉంది

లేదు. యుద్ధం అవసరం లేనిదని ఉంది. దాన్ని జనానికి అమ్మడానికి రాజకీయ ప్రచారం నడిపారని, ప్రొపగాండా అనే మాట వాడి మరీ ఉంది. ఎన్నికలు అయిపోయినా ప్రచారపు పద్ధతిలోనే పాలించే అలవాటును ఎక్కువగా తప్పుబట్టాడు. విలేకరులు కూడా గట్టిగా అడగాల్సినంత అడగలేదన్నాడు. (ఈ భాగాన్ని టీవీ చర్చలు పెద్దగా పట్టించుకోకపోవడంలో వింతేమీ లేదు.) బుష్ మీద అభిమానం పోలేదనీ, ఆయన తనను తాను నమ్మించుకునే రకమనీ రాశాడు. ఉద్దేశపూర్వకంగా మోసం చేశాడని మాత్రం అనలేదు.

మరి ఈ అపోహ ఎక్కడ పుట్టింది? పుస్తకానికి ఆరు నెలల ముందు, 2007 నవంబరులో, ప్రచురణ సంస్థ మూడు చిన్న పేరాలు బయటపెట్టింది. బుష్ రాజకీయ సలహాదారు కార్ల్ రోవ్‌కు, ఉపాధ్యక్షుడి చీఫ్ ఆఫ్ స్టాఫ్ లూయిస్ లిబ్బీకి ప్లేమ్ వ్యవహారంతో సంబంధం లేదని తాను మైకు ముందు చెప్పిన మాట తప్పని, ఆ తప్పుడు సమాచారం తన నోట రావడంలో ఐదుగురు పెద్దల ప్రమేయం ఉందని వాటి సారాంశం. రోవ్, లిబ్బీ, ఉపాధ్యక్షుడు డిక్ చేనీ, అధ్యక్షుడి చీఫ్ ఆఫ్ స్టాఫ్ ఆండ్రూ కార్డ్, ఐదోవాడు స్వయంగా అధ్యక్షుడు. 'ప్రమేయం ఉంది' అన్నదాన్ని జనం 'తెలిసే చెప్పించాడు' అని చదువుకున్నారు. బుష్ తెలిసి అబద్ధం చెప్పాడన్నది రచయిత ఉద్దేశం కాదని ప్రచురణకర్త పీటర్ ఆస్నోస్ వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. పూర్తి పుస్తకంలో చూస్తే బుష్‌ను కూడా తప్పుదోవ పట్టించారనే కథనం ఉంది. ముందుగా వదిలే ముక్కలు అమ్మకాల కోసం ఎంచినవి, షరతులు చెప్పే వాక్యాలు వాటిలో ఉండవు. ముక్క చూసి క్రియాపదం నమ్మకండి, పుస్తకంలో దాని ముందూ వెనకా ఉన్న రెండు పేజీలు చూడండి.

అపోహ: అప్పుడే రాజీనామా చేసి చెప్పాల్సింది, ఆగాడంటే డబ్బు కోసమే

అప్పటికప్పుడే వెళ్ళిపోయినవాళ్ళు ఉన్నారు. మాజీ అధ్యక్షుడు నిక్సన్‌కు, ఆయన తర్వాత అధ్యక్షుడైన ఫోర్డ్ క్షమాభిక్ష పెట్టిన 1974 సెప్టెంబరు 8నే ప్రెస్ సెక్రటరీ జెరాల్డ్ టెర్‌హోర్స్ట్ రాజీనామా ఇచ్చాడు, అప్పటికి ఉద్యోగంలో చేరి నెలే. లిబియా మీద తప్పుడు సమాచారం వదిలే పథకం బయటపడ్డాక 1986 అక్టోబరులో విదేశాంగ శాఖ ప్రతినిధి బెర్నార్డ్ కాల్బ్ తప్పుకున్నాడు. వాళ్ళ పక్కన పెట్టి చూస్తే మెక్‌క్లెల్లన్ ఆలస్యం చేశాడనే విమర్శలో పస ఉంది.

కానీ ఆలస్యానికి డబ్బు ఒక్కటే కారణం కానక్కర్లేదు. ఎవరు ఎవరికి ఏం చెప్పారన్నది, ప్లేమ్ వ్యవహారం దర్యాప్తులో అబద్ధాలు చెప్పాడంటూ లిబ్బీ మీద జరిగిన విచారణలో, సాక్షుల నోట, ఆధారాలుగా చూపిన నోట్సుల్లో బయటికొచ్చింది. ఆయన దోషి అని తీర్పు వచ్చింది 2007 మార్చి 6న. తనను వాడుకున్న తీరు మెక్‌క్లెల్లన్‌కు కూడా అప్పటిదాకా పూర్తిగా తెలిసి ఉండకపోవచ్చు.

ఇక డబ్బు లెక్క. అమెరికన్ ప్రచురణలో అడ్వాన్సు సాధారణంగా విడతలుగా ఇస్తారు: ఒప్పందం మీద సంతకానికి కొంత, రాతప్రతి ఆమోదానికి కొంత, పుస్తకం విడుదలకు కొంత. గట్టి అట్ట ప్రతికి వాడుకలో ఉన్న రాయల్టీ మొదటి 5,000 ప్రతులకు 10 శాతం, తర్వాతి 5,000కు 12.5, ఆపైన 15. అడ్వాన్సు ఆ లెక్కలో తీరేదాకా రచయిత చేతికి కొత్తగా ఏమీ రాదు. ఆమోదం నుంచి విడుదలకు తొమ్మిది నెలలు, ఏడాది పట్టడం మామూలే. కాబట్టి ఎన్నికల ఏడాదిలో పుస్తకం వచ్చిందంటే అది ముందే వేసుకున్న లెక్క. అది నేరం కాదు గానీ గుర్తుంచుకోవాల్సిన సంగతి. ఆ అక్టోబరులో ఒబామాకు ఓటేస్తానని మెక్‌క్లెల్లన్ చెప్పిన విషయం కూడా పక్కన రాసుకోండి.

అపోహ: ప్రభుత్వం అనుమతించిందంటే పుస్తకంలో ఉన్నదంతా ఒప్పుకున్నట్టే

మాజీ ఉద్యోగుల రాతప్రతుల మీద ప్రచురణకు ముందు ప్రభుత్వం జరిపే పరిశీలనలో చూసేది ఒక్కటే: రహస్య సమాచారం ఉందా లేదా. విమర్శ ఎంత ఘాటుగా ఉన్నా, వాస్తవం తప్పైనా, దానితో వాళ్ళకు పనిలేదు. ఈ బాధ్యత ఎక్కడ పుడుతుందంటే ఉద్యోగంలో ఉండగా పెట్టిన సంతకంలో. రహస్యాలు చూసేవాళ్ళంతా సంతకం చేసే గోప్యత పత్రం ఎస్ఎఫ్-312. అంతకన్నా సున్నితమైన నిఘా సమాచారం చూసేవాళ్ళకు ఫారం 4414, రాసినదాన్ని ముందే చూపించాలన్న షరతు ఉన్నది అందులో. సీఐఏ ఉద్యోగులకు వాళ్ళ సొంత ఒప్పందం ఉంటుంది, వాళ్ళు నవల రాసినా చూపించాల్సిందే.

చూపించకపోతే ఏమవుతుందో వియత్నాం నాటి సీఐఏ అధికారి ఫ్రాంక్ స్నెప్ కేసు చెబుతుంది. ఆయన పుస్తకంలో రహస్యం ఉందని ప్రభుత్వం వాదించనే లేదు. అనుమతి అడగలేదన్న ఒక్క కారణంతో 1980లో సుప్రీంకోర్టు ఆ పుస్తకం మీద వచ్చిన సంపాదన అంతా ప్రభుత్వానిదేనంది.

ఆచరణలో దెబ్బతినేది ఎక్కువగా ఈ చోట్ల. పరిశీలనకు పంపకముందే రాతప్రతిని ఏజెంటుకో ప్రచురణకర్తకో చూపించడం మొదటిది, ఒప్పందం ఉల్లంఘన అయ్యేది అక్కడే. అనుమతి వచ్చాక ఎడిటర్ అడిగాడని రెండు పేరాలు కొత్తగా చేర్చి, మళ్ళీ పంపకపోవడం ఇంకోటి. అన్నిటికన్నా ఎక్కువమంది పడే గొయ్యి 'పేపర్లో వచ్చేసిందిగా' అనుకోవడం. బయటికి పొక్కినంత మాత్రాన సమాచారం రహస్యం కాకుండా పోదు, అధికారికంగా ఎత్తేయాలి. వాలరీ ప్లేమ్ విషయంలో ఆమె సర్వీసు కాలం చెప్పే సీఐఏ ఉత్తరం 2007లో కాంగ్రెస్ రికార్డులోనే అచ్చయింది. అయినా ఆ తేదీలు ఆమె రాయకూడదని సీఐఏ పట్టుబట్టింది, 2009లో అప్పీళ్ళ కోర్టు దాన్నే సమర్థించింది. ఆమె పుస్తకం కొట్టేసిన చోట్ల నల్ల పట్టీలతోనే వచ్చింది. ఆపేసిన ప్రతి వాక్యానికీ కారణం రాతపూర్వకంగా అడిగి, పక్కన బహిరంగ ఆధారం పేరు, తేదీ, పేజీ రాసి పెట్టుకున్నవాళ్ళకు కొన్ని వాక్యాలైనా తిరిగి దక్కుతాయి. నోటిమాట మీద వచ్చే 'ఫర్వాలేదు' పనికిరాదు. ట్రంప్‌కు జాతీయ భద్రతా సలహాదారుగా పనిచేసిన జాన్ బోల్టన్ 2020లో రాతపూర్వక అనుమతి రాకుండానే తన పుస్తకంతో ముందుకెళ్ళాడు. ప్రతులు అప్పటికే దేశమంతా వెళ్ళిపోయాయి కాబట్టి జడ్జి ఆపలేదు గానీ, చేసిన పని సరైందని మాత్రం అనలేదు.

కాగితాల సంగతి వేరు. 1978 నాటి ప్రెసిడెన్షియల్ రికార్డ్స్ చట్టం ప్రకారం ఆఫీసు మెమోలు, గైడెన్స్ ఫైళ్ళు దేశం ఆస్తి, ఇంటికి పట్టుకెళ్ళకూడదు. పని కోసం వాడని సొంత డైరీ మాత్రం సొంతమే. బ్రీఫింగ్ లిఖిత ప్రతులకు అమెరికాలో కాపీరైట్ ఉండదు, ఎంతైనా ఉటంకించవచ్చు.

బ్రిటన్‌లో తాళం ఇంకోలా ఉంటుంది. ఇరాక్ చర్చల వేళ ఐక్యరాజ్యసమితిలో బ్రిటన్ రాయబారిగా ఉన్న జెరెమీ గ్రీన్‌స్టాక్ పుస్తకం 2005లో ఆగిపోయి, ఇరాక్ యుద్ధంపై బ్రిటన్ జరిపిన విచారణ (చిల్కాట్) నివేదిక వచ్చాక 2016లో గానీ వెలుగు చూడలేదు.

అపోహ: మాజీ ప్రతినిధులంతా చివరికి తిరగబడతారు

తిరగబడేవాళ్ళే తక్కువ. ఫ్లైషర్ 2005లో రాసింది బుష్‌ను వెనకేసుకొచ్చే పుస్తకమే. బ్రిటన్ ప్రధానిగా ఉన్న టోనీ బ్లెయిర్ ప్రతినిధి ఆలస్టెయిర్ క్యాంప్‌బెల్ 2007లో అచ్చువేసిన డైరీలు కూడా యజమాని పక్షమే. ఒక్కోసారి పుస్తకం రాసినవాడికే చుట్టుకుంటుంది. అధ్యక్షుడు రీగన్ ప్రతినిధి లారీ స్పీక్స్, 1985 జెనీవా సమావేశంలో అధ్యక్షుడు అనని మాటలు తానే అల్లి విలేకరులకిచ్చానని 1988లో రాసుకున్నాడు. దాంతో అప్పటికి చేస్తున్న ప్రైవేటు ఉద్యోగం పోయింది.

అపోహ: జ్ఞాపకాలు కదా, సరిచూసే దారి లేదు

ఈ రకం పుస్తకాన్ని సరిచూసినంత తేలిగ్గా ఇంకే ఆత్మకథనూ సరిచూడలేం. ఆ మనిషి రోజూ ఏం మాట్లాడాడో తేదీతో సహా అచ్చులో ఉంది మరి. మూడు రంగుల పెన్సిళ్ళు చాలు. స్వయంగా చూసిన, విన్న వాక్యానికి ఒక రంగు, ఇంకొకరు చెప్పగా తెలిసినదానికి రెండోది, తర్వాత అనిపించినదానికి మూడోది. యుద్ధ సమర్థన మీది అధ్యాయాల్లో మూడో రంగు నిండిపోతుంది. ప్లేమ్ వ్యవహారంలో మొదటి రంగు ఎక్కువ.

తర్వాత మొదటి రంగు వాక్యాలను లిఖిత ప్రతుల పక్కన పెట్టండి. 2003 అక్టోబరు 10 బ్రీఫింగ్‌లో రోవ్, లిబ్బీ తమకు సంబంధం లేదని తనకు హామీ ఇచ్చారని మెక్‌క్లెల్లన్ చెప్పింది అలాగే ఉంది. 2005 జులై 11న, రోవ్ పేరు బయటికొచ్చాక, విలేకరులు అదే మాటను ఆయన ముఖం మీద చదివి నిలదీస్తే, విచారణ సాగుతోంది కాబట్టి మాట్లాడనని మళ్ళీ మళ్ళీ అన్నదీ ఉంది. ఆపైన 2008 జూన్ 20న ప్రతినిధుల సభ న్యాయ కమిటీ ముందు ప్రమాణం చేసి ఇచ్చిన వాంగ్మూలం. పుస్తకంలో తప్పు రాస్తే విమర్శతో పోతుంది, వాంగ్మూలంలో తెలిసి అబద్ధం చెబితే శిక్ష పడొచ్చు. రెంటికీ తేడా వచ్చిన చోట వాంగ్మూలానికే బరువు.

రెండో, మూడో రంగులకు ఆయన సాక్ష్యం చాలదు, వేరే ఆధారాలు కావాలి. పుస్తకం వచ్చిన కొద్ది రోజులకే, 2008 జూన్ 5న, సెనేట్ నిఘా కమిటీ యుద్ధానికి ముందటి ప్రకటనల మీద నివేదిక ఇచ్చింది. సద్దాంకు, అల్ ఖైదాకు భాగస్వామ్యం ఉందన్నట్టు చెప్పిన మాటలకు నిఘా ఆధారం లేదని, ఆయుధాల మీది మాటల్లో చాలావాటికి అప్పటి నిఘా అంచనాల (తర్వాత తప్పని తేలినవే) ఆసరా ఉందని అందులో తేలింది. 'ప్రొపగాండా' అన్న ఒక్క మాటలో ఈ తేడా ఇమడదు. గైడెన్స్ ఫైళ్ళే చూడాలనుకుంటే బుష్ హయాం రికార్డులకు సమాచార హక్కు దరఖాస్తులు 2014 జనవరి 20 నుంచి తీసుకుంటున్నారు. 'ఇరాక్ కాగితాలన్నీ' అని రాస్తే ఏళ్ళ తరబడి వరుసలో ఉంటుంది. ప్రెస్ ఆఫీసు, ఫలానా అధికారి, ఫలానా వారం అని కుదించి రాయండి.