రెండు నెక్‌ల గిటారు: అపోహలు, వాస్తవాలు

మొన్న ఒక కుర్రాడు చెర్రీ ఎరుపు డబుల్‌నెక్ గిటారు, అంటే ఒకే ఒంటికి తీగలు సాగే రెండు మెడలు (నెక్‌లు) ఉన్నది, తెచ్చి నా బెంచ్ మీద పడుకోబెట్టాడు. లెడ్ జెప్లిన్ అనే రాక్ బ్యాండ్ గిటారిస్ట్ జిమ్మీ పేజ్ స్టేజీ మీద వాయించిన గిబ్సన్ ఈడీఎస్-1275కి నకలు. "అన్నా, ఇంత పోసి కొన్నా. రికార్డులో వినే సౌండ్ రావట్లేదు. పికప్‌లు మార్చెయ్" అన్నాడు. తీగల కదలికను పట్టి ఆంప్‌కి పంపేవి పికప్‌లు. నేను మార్చలేదు.

అపోహ: లెడ్ జెప్లిన్ పాట 'స్టెయిర్‌వే టు హెవెన్' రికార్డు చేసింది ఈ గిటారు మీదే.

కాదు. 1971లో వచ్చిన ఆ రికార్డులో మొదట వినిపించేది హార్మనీ కంపెనీ అకూస్టిక్. 12 తీగల భాగం ఫెండర్ కంపెనీ గిటారుది. చివరి సోలోను పేజ్ 1959 నాటి టెలికాస్టర్ (ఫెండర్ ఎలక్ట్రిక్ గిటారు) మీద వాయించాడు, అది తోటి గిటారిస్ట్ జెఫ్ బెక్ ఇచ్చినది. స్టూడియోలో ఒక్కో ముక్కకు ఒక్కో గిటారు తీసుకోవచ్చు. స్టేజీ మీద పాట మధ్యలో గిటారు దించి ఇంకోటి తగిలించుకునే వ్యవధి ఉండదు. అందుకే పైన 12 తీగలు, కింద 6 తీగలు. కాబట్టి ఈ నకలులో వెతకాల్సింది కచేరీ సౌండ్. ఏ పికప్ పెట్టినా ఇది టెలికాస్టర్ అవదు.

అపోహ: రెండు నెక్‌లూ ఎప్పుడూ కలిసే మోగుతాయి.

నెక్ మార్చుకోవడానికి ఒక స్విచ్ ఉంటుంది: 12, రెండూ, 6. మధ్యలో పెడితే మీరు కింద వాయిస్తుంటే పైన 12 తీగలు వాటంతట అవే సన్నగా మోగుతాయి. వినడానికి బాగుంటుంది. కానీ ఆంప్‌లో గెయిన్ (సిగ్నల్ బలం) పెంచారో, ఆ ఖాళీ తీగలే కూతపెడతాయి. మనవాడు స్విచ్ మధ్యలోనే వదిలేశాడు! 6 వైపుకి తిప్పగానే సగం గోల తగ్గింది.

అపోహ: 12 తీగల వైపు శ్రుతి కుదరలేదంటే నకలు నాసిరకం.

ఈ మాట వింటే నాకు చిరాకు. పాత డిజైన్‌లో బ్రిడ్జ్ (గిటారు ఒంటి మీద తీగలు ఆనే చోటు) మీద 12 తీగలకూ ఆరే శాడిళ్లు, అంటే తీగ కూర్చునే, ముందుకీ వెనక్కీ జరిగే చిన్న దిమ్మలు. కాబట్టి నాలుగు జతల్లో లావు తీగ, దానికి జతగా ఒక ఆక్టేవ్ (స్థాయి) పైన మోగే సన్న తీగ, రెండూ ఒకే శాడిల్ మీద కూర్చుంటాయి. లావుదానికి శాడిల్ కొంచెం వెనక్కి జరపాలి, సన్నదానికి ముందుకి. లావుదానికి సరిచేస్తే 12వ ఫ్రెట్ (మెట్టు) దగ్గర సన్నది ఫ్లాట్ అవుతుంది, అంటే శ్రుతి కిందికి పోతుంది; సన్నదానికి సరిచేస్తే లావుది షార్ప్, అంటే పైకి. నేను రెండింటికీ మధ్యలో ఆపి, పాటలో ఎక్కువ వాయించే చోట చెవితో సరిచూస్తాను. ఒరిజినల్‌లోనూ ఇదే తంటా. ఒక్కో తీగకు ఒక్కో శాడిల్ ఉన్న బ్రిడ్జ్ వేస్తే శ్రుతి బాగుపడుతుంది, కాకపోతే అప్పుడది అచ్చు నకలు కాదు. ఏది కావాలో మీరే తేల్చుకోండి.

అపోహ: ఈ ఆకారంలో ఉన్నది 1958 మోడల్.

1958లో వచ్చిన మొదటి డబుల్‌నెక్‌కు లోపల బోలు, పైన స్ప్రూస్ పలక. కొమ్ముల్లాంటి అంచులున్న, గిబ్సన్ ఎస్‌జీ గిటారు తరహా సాలిడ్ (లోపల బోలు లేని) బాడీ 60లలో వచ్చింది. అమ్మేవాడు ఈ ఆకారం చూపించి "58 రీఇష్యూ" (పాత మోడల్‌ను మళ్లీ చేసినది) అంటే నవ్వేసి వచ్చేయండి.

అపోహ: నకలు కొంటే రేపు బంగారమే.

2024లో గిబ్సన్ 50 మాత్రమే చేసి, పేజ్ సంతకంతో అమ్మింది. వాటి లెక్క వేరు. మిగతా నకళ్లను వాయించడానికి కొనుక్కోండి. కొనేముందు భుజాన తగిలించుకుని పావుగంట నిలబడండి. పట్టీ కిందికి వదిలితే 6 తీగల నెక్ మోకాళ్ల దగ్గరికి పోయి మణికట్టు వంకర తిరుగుతుంది.

కుర్రాడికి కొత్త తీగలు వేసి, శాడిళ్లు సర్ది, స్విచ్ 6 వైపుకి తిప్పి ఇచ్చాను. 12 తీగల వైపు జి జతలోని సన్న తీగ అన్నిటికన్నా ముందు తెగుతుందని చెప్పి, విడిగా నాలుగు చేతిలో పెట్టాను. మూడో రోజే ఫోన్: "అన్నా, ఒకటి అయిపోయింది."