స్కేల్ మోడల్ కార్లు: అపోహలు - వాస్తవాలు

మోడల్ కారు బాడీకి క్లియర్ కోట్ (రంగు మీద వేసే పారదర్శకమైన పూత) కొట్టి, దుమ్ము పడకుండా డబ్బాలో మూసిపెట్టి, రెండు రోజులాగి మూత తీస్తాను. ట్యూబ్‌లైటు వెలుగు బానెట్ మీద ఎక్కడా వంకర లేకుండా ఒకే గీతలా పడి ఉంటుంది. ఆ ఒక్క చూపు కోసమే ఇన్నేళ్లుగా ఈ పని చేస్తున్నాను. అలా కనబడని రోజులూ చాలానే ఉన్నాయి. రూఫ్ మీద ఒక వెంట్రుక, తలుపు అంచున కారిన రంగు, విండ్‌స్క్రీన్ మీద తెల్లటి మసక. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు సరిగ్గా అలాంటి రోజునే కారును అటక మీద పెట్టేసి మళ్లీ ముట్టుకోరు. వాళ్లతో మాట్లాడినప్పుడల్లా నాకు అర్థమయ్యేది ఒకటే: వాళ్ల చేతుల్లో లోపం లేదు, ప్లాస్టిక్ గురించీ రంగు గురించీ ఎవరో తప్పుగా చెప్పారు. అలా నేను తరచుగా వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: జిగురు ఎంత ఎక్కువ పూస్తే అతుకు అంత గట్టిగా ఉంటుంది.

వాస్తవం: విడి భాగాలుగా వచ్చే ప్లాస్టిక్ కిట్లకు వాడే లిక్విడ్ సిమెంట్ మామూలు అర్థంలో జిగురే కాదు. కిట్ భాగాలు పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్‌తో పోతపోసినవి. సిమెంట్‌లో ఉండేది ఆ పాలీస్టైరీన్‌ను కరిగించే సాల్వెంట్. అది రెండు అంచులనూ మెత్తబరిచి తాను ఆవిరైపోతుంది. మిగిలేది రెండు ముక్కలు కలిసి ఒకటైన ప్లాస్టిక్. అతికించడం కన్నా ఇది వెల్డింగ్‌కు దగ్గర. కాబట్టి ముందు రెండు భాగాలనూ సరిగ్గా ఆనించి పట్టుకోవాలి. సందు దగ్గర బ్రష్ కొన తాకిస్తే చాలు, సిమెంట్ తనంతట తానే సందు పొడవునా పాకుతుంది. ఆ పాకడం చూడటం నాకు ఇప్పటికీ ఇష్టం. ఎక్కువ పోస్తే మాత్రం అక్కర్లేని చోట కూడా ప్లాస్టిక్ కరిగి, పట్టుకున్న వేలి ముద్ర దాని మీద పడుతుంది.

రంగు వేసిన చోట, క్రోమ్ ఉన్న చోట సిమెంట్ పట్టదు. అది కిందున్న ప్లాస్టిక్‌ను చేరలేదు కాబట్టి, అతికే మేరకు ఆ పొరను గీకేయాలి. ఇక అద్దాల దగ్గరికి సూపర్ గ్లూ రానివ్వకండి. అది గట్టిపడేటప్పుడు లేచే ఆవిరి చుట్టుపక్కల తెల్లటి పొరలా పేరుకుంటుంది. పైన చెప్పిన మసక అదే. అద్దాలకు చెక్క పనిలో వాడే తెల్ల జిగురు మంచిది. ఆరాక పారదర్శకంగా మారుతుంది, పక్కకు అంటుకుంటే తడిగుడ్డతో తుడిచేయవచ్చు.

అపోహ: రంగు దట్టంగా వేస్తే గీతలు, అతుకులు కనబడకుండా పోతాయి.

వాస్తవం: ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. కార్ల మోడలింగ్‌లో కష్టమంతా, ఆనందమంతా ఈ విషయంలోనే ఉంది. యుద్ధ ట్యాంకు మోడల్ మీద చిన్న లోపం మిగిలితే బురద, తుప్పు పూసి అందులో కలిపేయవచ్చు. కారు బాడీకి ఆ వెసులుబాటు లేదు. అది మెరవాలి, మెరిసే కొద్దీ ప్రతి లోపమూ ఇంకా స్పష్టంగా కనబడుతుంది. అచ్చు భాగాలు కలిసే చోట ఫెండర్ల (చక్రాల పైభాగాల) పైన, రూఫ్‌ను మోసే పిల్లర్ల వెంట సన్నటి గీత మిగులుతుంది. వేలితో తడిమితే దాదాపు తెలియదు. బూడిద రంగు ప్రైమర్ (అసలు రంగుకు ముందు వేసే అడుగు పూత) పలచగా కొడితే వెంటనే బయటపడుతుంది. గరుకు కాగితంతో రుద్దడం, మళ్లీ ప్రైమర్ కొట్టడం, మళ్లీ చూడటం. ఒక బాడీకి ఇలా మూడు సార్లు చేయడం నాకు మామూలే. రంగు వేయడానికి పట్టేది అరగంట, దానికి ముందు పని రెండు వారాలు.

దట్టమైన రంగు ఎందుకు చెడగొడుతుందో లెక్క వేస్తే తెలుస్తుంది. అసలు కారు మీద ఫ్యాక్టరీలో వేసే పొరలన్నీ కలిపి సుమారు 0.1 మిల్లీమీటరు మందం ఉంటాయి. తలుపుకూ బాడీకీ మధ్య సందు 4 మిల్లీమీటర్లు అనుకుందాం. 1/24 స్కేల్లో, అంటే అసలు కారులో 24వ వంతు సైజులో, ఆ సందు 0.17 మిల్లీమీటరు అవుతుంది. రంగు మందం మాత్రం 24వ వంతుకు తగ్గదు. మన ప్రైమర్, రంగు, క్లియర్ కలిసి అదే 0.1 మిల్లీమీటరు పేరుకుంటే, అసలు కారుకు 2.4 మిల్లీమీటర్ల మందాన పూసినట్టు. సందుకు రెండు గోడలుంటాయి, రెండింటి మీదా అలా పేరుకుంటే సందు పూడిపోతుంది. పూర్తయిన కారు బొమ్మలా కనబడిందంటే నేను ముందు చూసేది ఆ సందులనే. అందుకే ప్రైమర్‌కు ముందే స్క్రైబర్ అనే గీతలు చెక్కే పనిముట్టుతో తలుపులు, బానెట్, డిక్కీ గీతలను కాస్త లోతు చేసుకుంటాను. ఆ తర్వాత వేసే ప్రతి పొరా పలచగానే ఉండాలి. మొదటి పొరలో అడుగున ప్రైమర్ కనబడుతూనే ఉంటుంది, కంగారు పడనక్కర్లేదు. నాలుగో పొరకు రంగు నిండుతుంది.

మెటాలిక్ రంగులదీ ఇదే కథ. అసలు కార్లకు వాడే మెటాలిక్ రంగు తెచ్చి కొడితే అందులోని రేకు తునకలు 24 రెట్లు పెద్దవిగా, మెరుపు చమ్కీ చల్లినట్టు కనబడతాయి. సన్న తునకలున్న మోడల్ రంగులే వాడాలి. ఎర్ర ప్లాస్టిక్‌తో పోసిన బాడీ మీద నేరుగా తెలుపు కొట్టకండి, అడుగు రంగు పైకి ఊరి గులాబీ రంగులోకి తిరిగే ప్రమాదముంది.

అపోహ: ముట్టుకుంటే వేలికి అంటకపోతే రంగు ఆరినట్టే.

వాస్తవం: పైపొర ఆరడం వేరు, లోపలిదాకా గట్టిపడటం వేరు. లాకర్ రంగులు సాల్వెంట్ ఎగిరిపోవడంతో ఆరతాయి, కాబట్టి త్వరగా గట్టిపడతాయి. ఎనామెల్ గాలిలోని ఆక్సిజన్‌తో చర్య జరిగి గట్టిపడాలి. దానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. నా మొదటి ఎనామెల్ కారును మూడో రోజు చేతిలోకి తీసుకున్నాను. రూఫ్ మీద నా బొటనవేలి గీతలన్నీ అచ్చుపడ్డాయి. ఆ రోజు ఎంత బాధపడ్డానో నాకు ఇంకా గుర్తుంది. ఇప్పుడు బాడీని ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తాను. రంగు వాసన కాస్తయినా వస్తుంటే ఇంకా సాల్వెంట్ పోలేదని అర్థం, దాని మీద మాస్కింగ్ టేపు అంటించను.

పొరల వరుసా ముఖ్యమే. లాకర్ మీద ఎనామెల్ వేయవచ్చు. ఎనామెల్ మీద లాకర్ వేస్తే దాని ఘాటైన సాల్వెంట్ కింది పొరను కొరికి ముడతలు తెస్తుంది. వాన రోజుల్లో లాకర్ కొడితే ఇంకో సమస్య. సాల్వెంట్ వేగంగా ఎగిరిపోతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ దాని మీద చేరి పాలపొరలా తెల్లబడుతుంది. గాలి పొడిగా ఉన్న రోజు చూసి ఉత్త లాకర్ థిన్నర్‌ను పలచగా కొడితే చాలాసార్లు ఆ తెలుపు పోతుంది.

అపోహ: ఎయిర్‌బ్రష్ (గాలి ఒత్తిడితో రంగు చిమ్మే చిన్న పరికరం) లేనిదే మంచి ఫినిష్ రాదు.

వాస్తవం: వస్తుంది. స్ప్రే డబ్బాతో చేసిన అద్దంలాంటి బాడీలు నేను చాలా చూశాను. డబ్బాను గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచితే రంగు సన్నగా చిమ్ముతుంది. మరిగే నీళ్లు మాత్రం వద్దు, డబ్బా పేలవచ్చు. స్ప్రే మొదలుపెట్టడం, ఆపడం రెండూ బాడీకి బయటే జరగాలి. సొంతంగా రంగులు కలుపుకోవాలన్నా, చిన్న భాగాలకు పలచగా వేయాలన్నా ఎయిర్‌బ్రష్ మేలు.

అపోహ: చిన్న పనే కదా, దుమ్ము మాస్క్ పెట్టుకుంటే చాలు.

వాస్తవం: చాలదు. దుమ్ము మాస్క్ కణాలను ఆపుతుంది, సాల్వెంట్ ఆవిరిని ఆపలేదు. లాకర్ కొట్టేటప్పుడు సాల్వెంట్ ఆవిరిని ఆపే ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ కావాలి, గాలి బయటికి పోయే దారి కావాలి. దగ్గర్లో మంట ఉండకూడదు. రెజిన్ భాగాలను తడిపి రుద్దండి, పొడి లేవదు. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను.

అపోహ: మంచి కిట్ కొంటే భాగాలు వాటంతట అవే కూర్చుంటాయి.

వాస్తవం: రంగు వేయకముందు కూర్చుంటాయి. ప్రతి భాగం మీదా పొరలు చేరాక పరిస్థితి మారుతుంది. ఈ హాబీలో అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ పెట్టే నిమిషం చివర్లో వస్తుంది: మెరిసే బాడీని ఛాసిస్ (కారు కింది చట్రం) మీదికి దించడం. లోపలి సీట్ల తొట్టె అద్దానికి తగులుతుంది, బంపర్ కింద ఛాసిస్ అంచు ఇరుక్కుంటుంది. కాస్త నొక్కితే సన్నటి ముందు పిల్లర్ విరుగుతుంది. నాకు రెండు సార్లు విరిగింది. అప్పటినుంచి సిమెంట్ సీసా మూత తీయకముందే బాడీ, అద్దాలు, ఇంటీరియర్, ఛాసిస్ అన్నీ టేపుతో బిగించి, చక్రాలు నేలకు ఆనుతున్నాయో లేదో చూస్తాను.

అపోహ: 1/24, 1/25 రెండూ ఒకటే.

వాస్తవం: 4.8 మీటర్ల కారు 1/24లో 200 మిల్లీమీటర్లు, 1/25లో 192. షెల్ఫ్‌లో పక్కపక్కన పెడితే తేడా పెద్దగా తెలియదు కానీ ఒకదాని అద్దం ఇంకోదానికి పట్టదు. అడుగుకు అర అంగుళం లెక్కన వచ్చింది 1/24. తమియా, హసెగావా వంటి జపాన్ కంపెనీల కార్లు ఎక్కువగా ఈ స్కేల్లోనే వస్తాయి. ఏఎమ్‌టీ వంటి అమెరికన్ కిట్లలో 1/25 ఎక్కువ. ఇంజన్లు, సీట్లు మార్చుకోవచ్చు, ఎవరూ పట్టుకోలేరు.

అపోహ: ఇవి పిల్లల బొమ్మలు, నేర్చుకునేదేమీ లేదు.

వాస్తవం: కారు కింద ఏముంటుందో నేను నేర్చుకున్నది మోడల్ బల్ల మీదే. చక్రాలను పట్టుకునే విష్‌బోన్‌లు ఎలా కదులుతాయి, ఇంజన్ శక్తిని చక్రాల వైపు చేర్చే డ్రైవ్‌షాఫ్ట్ ఎక్కడ కలుస్తుంది, అన్నీ వేళ్లకు తెలిశాయి. చెవ్రొలే స్మాల్ బ్లాక్ వీ8 ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్ తీగలు పెట్టాలంటే ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లలో ఇంధనం మండే వరుస) తెలియాలి: 1-8-4-3-6-5-7-2. అసలు తీగ మందం 8 మిల్లీమీటర్లు, నాకు కావలసింది 0.33. ఆ తీగలన్నీ బయలుదేరే డిస్ట్రిబ్యూటర్‌కు ఎనిమిది రంధ్రాలు చేత్తో తొలిచి, ఒక్కో తీగనూ దాని సిలిండర్‌కు చేర్చిన ఆ సాయంత్రం భోజనం సంగతే మరిచిపోయాను. బానెట్ మూస్తే అదేదీ కనబడదు. ఉందని నాకు తెలుసు, అది చాలు.

అపోహ: ఒక్క తప్పు జరిగితే కిట్ పోయినట్టే.

వాస్తవం: పాలీస్టైరీన్ చాలా ఓర్పున్న పదార్థం. క్లియర్‌లో వెంట్రుక పడితే అది తడిగా ఉండగా చేత్తో తీయబోకండి, ఆరాక 2000 నంబరు గరుకు కాగితంతో తడిపి రుద్ది, 3000తో నునుపు చేసి, పాలిష్ పెడితే ఆనవాలు ఉండదు. అంచుల దగ్గర మాత్రం చేయి తేలికగా పెట్టాలి, అక్కడ రంగు త్వరగా అరిగి ప్రైమర్ బయటపడుతుంది. రంగు పూర్తిగా చెడితే, చాలా ఆక్రిలిక్ రంగులు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నానబెడితే ఊడిపోతాయి, కింద ప్లాస్టిక్‌కు ఏమీ కాదు. క్రోమ్ పూతను ఇంట్లో వాడే బ్లీచ్ తీసేస్తుంది. దాన్ని ఆమ్లంతో గానీ అమ్మోనియాతో గానీ ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది. నా షెల్ఫ్‌లో అందరూ మెచ్చుకునే నీలం కూపేకు నేను మూడు సార్లు రంగు ఊడదీశాను.

అపోహ: పెట్టె తెరవకుండా దాచిన పాత కిట్ ఎప్పటికీ కొత్తదే.

వాస్తవం: డికాల్స్ (కారు మీద అంటించే గుర్తులు, అక్షరాల స్టిక్కర్లు) పసుపెక్కుతాయి. వాటిని కవర్లో పెట్టి ఎండ తగిలే కిటికీకి కొన్ని రోజులు అంటిస్తే ఆ పసుపు చాలావరకు వెలిసిపోతుంది. టైర్ల విషయం అంత సులువు కాదు. పాత కిట్లలో మెత్తని వినైల్ టైర్లను మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్ ఏళ్ల తరబడి బయటికి ఊరుతూ, తగిలిన పాలీస్టైరీన్‌ను కరిగిస్తుంది. విండ్‌స్క్రీన్ మీద టైరు గాడి అచ్చు దిగిన పెట్టెలు నేను తెరిచాను, ఆ అద్దాన్ని ఏ పాలిషూ బాగుచేయలేకపోయింది. పాత కిట్ ఉన్నవాళ్లు వీలైనంత త్వరగా పెట్టె తెరిచి టైర్లను విడిగా ఒక కవర్లో పెట్టండి. పూర్తయిన కారైతే చక్రానికీ టైరుకూ మధ్య సన్నటి రేకు కాగితం చుట్టండి.