జబ్బు అంటించడం నేరమైన చరిత్ర

ఆంధ్రప్రదేశ్‌లో తొలి కరోనా కేసు 2020 మార్చిలో నెల్లూరులోనే నిర్ధారణ అయింది. ఆ తర్వాత లాక్‌డౌన్ రోజుల్లో నెల్లూరు, ఒంగోలు వాసులకు భారత శిక్షాస్మృతిలోని 188 (అధికారుల ఆదేశాల ధిక్కరణ), 269, 270 (అంటురోగం వ్యాప్తి చేయడం) సెక్షన్ల పేర్లు పరిచయమయ్యాయి. అయితే ఆ సెక్షన్లు కరోనా కోసం పుట్టినవి కావు.

అమ్మవారు పోసిన ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టి, లోపలికి రావద్దని ఇరుగుపొరుగుకు తెలియజేసే ఆచారం మన పల్లెల్లో చట్టాలకంటే పాతది. దాన్ని పాటించనివారికి జైలు లేదు. 1860 నాటి భారత శిక్షాస్మృతి మాత్రం, ప్రాణాంతక వ్యాధి వ్యాపించే అవకాశమున్న పనిని నిర్లక్ష్యంగా చేస్తే (269) ఆరు నెలల వరకు, దురుద్దేశంతో చేస్తే (270) రెండేళ్ల వరకు ఖైదు విధించవచ్చని రాసింది. అప్పటికి కలరా సూక్ష్మజీవి వల్ల వస్తుందన్న సంగతినే వైద్యలోకం ఇంకా ఒప్పుకోలేదు. క్వారంటైన్ ఉల్లంఘనను శిక్షించే 271వ సెక్షన్ ఓడలను దృష్టిలో పెట్టుకుని రాసింది. కొత్తపట్నం, కృష్ణపట్నం రేవులున్న మన తీరానికి అది పరాయి మాట కాదు.

బొంబాయి ప్లేగు భయంతో 1897లో వచ్చిన అంటువ్యాధుల చట్టం మరో అడుగు వేసింది. నాలుగే సెక్షన్ల ఆ చట్టం ప్రభుత్వానికి దాదాపు హద్దులేని అధికారమిచ్చింది. ప్లేగు పేరిట పూనాలో ఇళ్లలోకి చొరబడి జరిపిన సోదాలు జనాగ్రహాన్ని రగిలించాయి. ప్లేగు అధికారి ర్యాండ్ ఆ ఏడాదే చాపేకర్ సోదరుల చేతిలో హతుడయ్యాడు. మరుసటి ఏడాది వచ్చిన కుష్ఠురోగుల చట్టం, పెద్దరోగంతో బిచ్చమెత్తుకునేవారిని వారెంటు లేకుండా పట్టుకోవడానికి వీలు కల్పించింది. రోగినే నేరస్తుడిగా చూసిన ఆ చట్టం రద్దు కావడానికి 2016 దాకా పట్టిందన్నది బాధ కలిగించే విషయం. మద్రాసు రాష్ట్రంలో భాగంగా మనకు వర్తించిన 1939 నాటి ప్రజారోగ్య చట్టం కూడా, అంటురోగం ఉన్నవారు ఇతరులకు సోకేలా బహిరంగ ప్రదేశాల్లో తిరగడాన్ని నిషేధించింది.

అసలు చిక్కు హెచ్‌ఐవీతో బయటపడింది. వ్యాధి ఉందని తెలిసి పెళ్లి చేసుకోవడం 269, 270 సెక్షన్ల కింద నేరమవుతుందన్న అర్థంలో 1998లో సుప్రీంకోర్టు చేసిన వ్యాఖ్యలు, ఆ కేసు తేల్చడానికి అవసరం లేనివని 2002లో ఆ కోర్టే చెప్పింది. ఈ సెక్షన్లలో కీలకమైనది ‘తెలిసి’ అన్న మాట. తెలుసుకున్నవాడే నేరస్తుడయ్యేటట్లయితే, పరీక్షకు వెళ్లడానికే మనిషి జంకుతాడు. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం సమ్మతి లేనిదే పరీక్ష చేయరాదని, గోప్యత కాపాడాలని చెప్పడం ఈ భయానికి కొంత జవాబు. అయినా, ఇతరులకు సోకకుండా తగిన జాగ్రత్త తీసుకునే బాధ్యతను ఆ చట్టమూ బాధితుడిపై ఉంచింది.

2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయసంహితలో ఇవే నేరాలు 271, 272, 273 సెక్షన్లయ్యాయి. ఓడ స్థానంలో ఏ రవాణా సాధనమైనా అన్న మాట చేరింది. ఖైదు గడువులు మారలేదు. క్రమంగా మందులు వాడుతూ రక్తంలో వైరస్ కనిపించని స్థాయికి తెచ్చుకున్న హెచ్‌ఐవీ బాధితుడి నుంచి లైంగికంగా వ్యాధి సోకదని వైద్యం నిర్ధారించినా, ఆ సంగతి ఈ సెక్షన్లలో ఎక్కడా లేదు.