జావాస్క్రిప్ట్‌ని ఎవరూ ఆపరు, నిజమే. అదే ఆగిపోతుంది

"ఈ రోజుల్లో జావాస్క్రిప్ట్ ఎవరు ఆఫ్ చేస్తారండీ?" జావాస్క్రిప్ట్ అంటే వెబ్ పేజీ కోసం బ్రౌజర్‌లో నడిచే కోడ్. అది లేకుండా ఈ ఫారం పనిచేస్తుందా అని కోడ్ రివ్యూలో ఎప్పుడడిగినా ఇదే జవాబు, విని విని విసుగొచ్చింది.

ఆఫ్ చేసేవాళ్లు తక్కువే, ఒప్పుకుంటా. 2013లో బ్రిటన్ ప్రభుత్వ డిజిటల్ విభాగం తన సైట్‌లో కొలిచి చూస్తే జావాస్క్రిప్ట్ అందనివాళ్లు 1.1 శాతం తేలారు. అందులో ఆఫ్ చేసుకున్నవాళ్లు, అసలు సపోర్ట్ లేనివాళ్లు కలిపినా 0.2 శాతమే. మిగతా 0.9 శాతం మందికి ఆన్‌లోనే ఉంది, పనిచేయలేదంతే. సిగ్నల్ మధ్యలో తెగుతుంది, ఆఫీసు ఫైర్‌వాల్ ఫైలుని ఆపేస్తుంది, పాత బ్రౌజర్‌కి అర్థంకాని కొత్త సింటాక్స్ (కోడ్ రాసే పద్ధతి) ఒక్కచోట తగులుతుంది. పేజీ రూపాన్ని చెప్పే సీఎస్ఎస్‌లో తెలియని లైనొస్తే బ్రౌజర్ దాన్ని వదిలేసి ముందుకెళ్తుంది, జావాస్క్రిప్ట్‌లో మాత్రం ఆ ఫైలు మొత్తం పోయినట్టే. స్క్రిప్ట్ ఆఫ్‌లో ఉంటే చూపించే నోస్క్రిప్ట్ ట్యాగ్ పెట్టాం కదా అంటారు. స్క్రిప్టింగ్ ఆన్‌లో ఉంటే అది కనిపించనే కనిపించదు!

మేం చేసిన ఒక దరఖాస్తు ఫారం, గడువు చివరి రోజు. ఒకావిడ ఫోన్ చేసి "సబ్మిట్ నొక్కుతూనే ఉన్నా బాబూ, ఏమీ కావట్లేదు, నేనేమైనా తప్పు చేస్తున్నానా?" అన్నారు. గొంతులో టెన్షన్ తెలుస్తోంది. స్క్రీన్ షేర్ చేయించి చూస్తే బ్రౌజర్ తప్పులు చూపించే కన్సోల్‌లో ఎర్రగా ఒకే ఒక్క లైను. ఆవిడ యాడ్ బ్లాకర్, సైట్‌కి వచ్చేవాళ్లని లెక్కపెట్టే అనలిటిక్స్ ఫైలుని ఆపింది, అందులోని ఫంక్షన్‌ని మా కోడ్ ఉందో లేదో చూడకుండా పిలిచింది, అక్కడే ఆగిపోయింది. సబ్మిట్‌కి క్లిక్ తగిలించే లైను దాని కింద ఉంది. పైగా ఆ బటన్ బటనే కాదు, రంగు పూసిన డివ్, అంటే ఉత్త పెట్టె. తప్పు పూర్తిగా మాదే. తర్వాత మామూలు ఫారం ట్యాగ్, ఎక్కడికి పంపాలో చెప్పే యాక్షన్, అసలు బటన్ పెట్టి, మెరుగులన్నీ స్క్రిప్ట్‌తో పైన వేశాం. సగం రోజు పని.

చూపులేనివాళ్లకి పేజీ చదివి వినిపించే స్క్రీన్ రీడర్లలో జావాస్క్రిప్ట్ నడవదన్నది పాత పుకారు. స్క్రిప్ట్ లేకుండా పేజీ నడవాలని వైకల్యం ఉన్నవాళ్లకీ వెబ్ అందాలనే ప్రమాణం, 1999 నాటి డబ్ల్యూసీఏజీ 1.0 అడిగింది, 2008లో వచ్చిన 2.0లో ఆ షరతు లేదు. గూగుల్ కూడా స్క్రిప్ట్ నడిపే చూస్తుంది, కాకపోతే సైట్లు చదివే అన్ని బాట్లూ (ప్రోగ్రాములూ) అలా చేయవు.

"అయితే జావాస్క్రిప్ట్ లైబ్రరీ రియాక్ట్ నేర్చుకుని తప్పు చేశానా?" అని జూనియర్లు కంగారు పడతారు. లేదమ్మా. బొమ్మలు గీసే టూల్ స్క్రిప్ట్ లేకుండా నడవాలని ఎవరూ అడగట్లేదు. చదవడం, లింకు నొక్కడం, ఫారం పంపడం, ఈ మూడూ ఆగకూడదు. సర్వర్ నుంచే పేజీ హెచ్‌టీఎంఎల్ తయారుచేసి పంపితే రియాక్ట్‌తోనూ అవుతుంది.

బ్రౌజర్‌లోని డెవ్‌టూల్స్‌లో మీ బండిల్ ఫైలుని (స్క్రిప్టులన్నీ కలిపిన ఫైలుని) బ్లాక్ చేసి, పేజీ రీలోడ్ చేసి, ఆ సబ్మిట్ ఒక్కసారి నొక్కండి.