శ్రీలంక బర్గర్ల కలిమిలేములు: పిల్లలకు ఒక ఉత్తరం

చిరంజీవులకు, తాతయ్య ఆశీస్సులు.

పోర్చుగీసు సంతతివారు, డచ్చి సంతతివారు వలస వెళ్లిన దేశాలలో ఎవరు ఎక్కువ బాగుపడ్డారని మీరు అడిగారు. ప్రపంచమంతా చుట్టి రావడం ఒక ఉత్తరంలో అయ్యే పని కాదు కనుక ఈ రెండు సంతతులూ ఒకే నేల మీద, ఒకే తీరం వెంబడి, ఒకే దొరల కింద బతికిన చోటును ఎంచుకుంటున్నాను. అది శ్రీలంక. అక్కడ ఈ ఇద్దరినీ కలిపి బర్గర్లు అంటారు. పేరు చూసి నవ్వకండి, తినే పదార్థానికీ వీరికీ ఏ సంబంధమూ లేదు. మన బందరులోనూ, భీమునిపట్నంలోనూ డచ్చివారి పాత సమాధులు నేటికీ ఉన్నాయి గాని, ఇక్కడ వారు సమాధులు మాత్రమే మిగిల్చి వెళ్లారు. శ్రీలంకలో మాత్రం సంతానాన్ని మిగిల్చారు.

మీ ప్రశ్నకు సూటి జవాబు కావాలంటే, పందొమ్మిదో శతాబ్దమంతా, ఇరవయ్యో శతాబ్దంలో సగం దాకా, డచ్చి బర్గర్లే మెరుగైన స్థితిలో ఉన్నారు. కొలంబోలో వకీళ్లు, వైద్యులు, సర్కారు గుమాస్తాలు, పత్రికాధిపతులు వారిలోంచి వచ్చారు. పోర్చుగీసు బర్గర్లు ఎక్కువగా తూర్పు తీరాన బట్టికలోవా, ట్రింకోమలీ పట్టణాలలో వడ్రంగులుగా, కమ్మరులుగా, దర్జీలుగా, చెప్పులు కుట్టేవారుగా, యంత్రాలు బాగుచేసేవారుగా జీవించారు. ఇంతవరకు చదివి, డచ్చివారు తెలివైనవారు, పొదుపరులు, పోర్చుగీసువారు పాటలతోనూ ఆటలతోనూ పొద్దుపుచ్చేవారు అని తీర్పు చెప్పేయడం చాలా సులువు. అలా చెప్పినవారు నిజంగానే ఉన్నారు. ఆ తీర్పు ఎందుకు నిలవదో చెప్పడానికే ఈ ఉత్తరం ఇంత పొడుగైంది.

పోర్చుగీసువారు 1505లో ఆ ద్వీపానికి చేరారు. వారి సైనికులు, వర్తకులు స్థానిక స్త్రీలను పెళ్లాడి స్థిరపడ్డారు, కాథలిక్ మతం పాటించారు. అటు తర్వాత క్యాండీ రాజు రెండో రాజసింహుడు పోర్చుగీసువారిని వెళ్లగొట్టడానికి డచ్చి ఈస్టిండియా కంపెనీ సాయం కోరాడు. 1638లో బట్టికలోవా కోటతో మొదలైన ఆ యుద్ధం 1656లో కొలంబో, 1658లో జాఫ్నా పడిపోవడంతో ముగిసింది. రాజు ఆశించినట్టు ముఖ్యమైన కోటలు అతని చేతికి రాలేదు, దాల్చినచెక్క వ్యాపారంతో సహా అవి కంపెనీ చేతిలోనే ఉండిపోయాయి. మన కథకు ముఖ్యమైనది మాత్రం ఓడిపోయిన పక్షం మనుషులు ఏమయ్యారన్నది. పదవులు, ఆస్తులు ఉన్న పోర్చుగీసు కుటుంబాలలో చాలావాటిని ఓడలెక్కించి బటేవియాకూ (నేటి జకార్తా), భారత తీరానికీ పంపించారు. కాథలిక్ గురువులను నిషేధించారు, వారికి ఆశ్రయమివ్వడమే నేరమని శాసించారు. ద్వీపంలో మిగిలినవారు ఎక్కువగా పేదలు, మిశ్రమ సంతతివారు, చేతిపని తప్ప వేరే ఆధారం లేనివారు. అంటే పోటీ మొదలు కాకముందే ఒక పక్షంలోని కలిగినవారిని తీసివేశారన్నమాట. ఆ తర్వాత తూచినప్పుడు అటువైపు తక్కెడ తేలిపోయిందంటే ఆశ్చర్యమేముంది?

డచ్చివారని మనం అంటున్నవారిలో అందరూ హాలండు దేశస్థులు కారు. కంపెనీ కొలువులో జర్మన్లు, ఫ్రెంచివారు, ఇంకా ఎన్నో ఐరోపా దేశాలవారు ఉండేవారు. ఐరోపా నుంచి స్త్రీలు చాలా కొద్దిమందే వచ్చారు కనుక కంపెనీ ఉద్యోగులు పెళ్లాడింది చాలావరకు పోర్చుగీసు సంతతి ఆడపిల్లలనే. అందుచేత డచ్చి ఇళ్లలో తల్లులూ దాదులూ పిల్లలతో పోర్చుగీసు యాసభాష మాట్లాడేవారు. ఆ వాడుకను మాన్పించాలని కంపెనీ అధికారులు ఎన్ని ప్రయత్నాలు చేసినా ఫలించలేదు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే రక్తాన్ని బట్టి కలిమి వస్తుందనేవారికి డచ్చి బర్గర్లలో తల్లి వైపు నుంచి వచ్చిన పోర్చుగీసు రక్తం ఎంత ఉన్నదో సాధారణంగా తెలియదు.

డచ్చి పాలన వారికి ఇచ్చిన అసలు ఆస్తి రక్తం కాదు, కాగితం. కంపెనీ కొలువు వదిలి స్వేచ్ఛా పౌరులుగా స్థిరపడినవారికి దుకాణాలు, రొట్టెల బట్టీలు, పానశాలలు నడుపుకునే హక్కులు దక్కాయి. చర్చి ఆధ్వర్యంలో బడులు నడిచేవి, పుట్టుకలు, పెళ్లిళ్లు, భూములు రిజిస్టర్లలోకి ఎక్కేవి. ఒక కుటుంబం తానెవరో, తన ఇల్లెవరిదో రుజువు చేయగలిగే స్థితి అప్పట్లో కొద్దిమందికే ఉండేది.

1796లో ఇంగ్లీషువారు కొలంబోను స్వాధీనం చేసుకున్నప్పుడు ఈ డచ్చి కుటుంబాలకు కష్టకాలమే వచ్చింది. జీతమిచ్చే కంపెనీ పోయింది, మూడేళ్లకు ఆ కంపెనీయే రద్దయింది. కొందరు బటేవియాకు తరలిపోయారు. ఉండిపోయినవారికి అదృష్టం మరో రూపంలో తలుపు తట్టింది. కొత్త దొరలకు పాత రికార్డులు చదివిపెట్టేవారు కావలసివచ్చారు. పైగా ఇంగ్లీషువారు డచ్చివారు తెచ్చిన రోమన్-డచ్చి న్యాయం అనే చట్టాన్ని రద్దు చేయకుండా కొనసాగించారు. శ్రీలంక న్యాయస్థానాలలో దాని ప్రభావం ఈనాటికీ ఉన్నది. ఆ న్యాయం తెలిసినవారికి కోర్టులలో పని దొరికింది. 1833 సంస్కరణలతో పాలనా వ్యవహారాలలో ఇంగ్లీషుకు పెద్దపీట పడి, స్థానికులకు ఉద్యోగాల తలుపులు కొంత తెరుచుకునేసరికి, డచ్చి బర్గర్లు తమ డచ్చి భాషను వదిలి అందరికన్నా ముందుగా ఇంగ్లీషు నేర్చుకున్నారు. సర్వే, తపాలా, వైద్య శాఖలలోనూ, 1865లో కొలంబో నుంచి అంబేపుస్స దాకా రాకపోకలు మొదలైన రైల్వేలోనూ వారు నిండిపోయారు. చార్లెస్ ఆంబ్రోస్ లోరెంజ్ అనే వకీలు 1859లో ‘సిలోన్ ఎగ్జామినర్’ పత్రికను స్థానికుల చేతికి తెచ్చి, శాసన మండలిలో సభ్యుడై, 42 ఏళ్లకే కన్నుమూసినా, ఆ తరం బర్గర్ల ఆత్మవిశ్వాసానికి గుర్తుగా నిలిచాడు.

అయితే వారి కలిమి ఎలాంటిదో కాస్త నిదానంగా చూడాలి. అది జీతం మీద, పింఛను మీద నిలిచిన కలిమి. అదే కాలంలో పైకొచ్చిన సింహళ సంపన్న కుటుంబాలు సారా గుత్తలలో, గ్రాఫైటు గనులలో, కొబ్బరి తోటలలో డబ్బు పెట్టి భూములు కూడబెట్టాయి. బర్గర్లు పిల్లల చదువు మీద పెట్టారు. సర్కారుకు ఇంగ్లీషు వచ్చిన గుమాస్తా అవసరమున్నంత కాలం ఆ లెక్క సరిపోయింది. అవసరం తీరిన రోజున చేతిలో ఎకరమైనా ఉండదన్న సంగతి అప్పటికి చాలామందికి తట్టినట్టు లేదు.

ఇప్పుడు తూర్పు తీరానికి వద్దాం. బట్టికలోవా పోర్చుగీసు బర్గర్ల పనితనం తక్కువదేమీ కాదు. తలుపులు, బల్లలు, బండ్లు, తుపాకులు, కుట్టుమిషన్లు ఏది పాడైనా వారి దగ్గరికి వెళ్లేవారు. కాని పని చేసిన రోజుకే కూలి, పింఛను లేదు. కొడుకు చిన్నతనంలోనే తండ్రి కొలిమి దగ్గర చేరి పనిముట్టు పట్టేవాడు, దానివల్ల ఇంటికి ఒక సంపాదన పెరిగేది, బడిలో ఒక పిల్లవాడు తగ్గేవాడు. ఇంట్లో పోర్చుగీసు యాసభాష, వీధిలో తమిళం, ఇంగ్లీషుతో పని తక్కువ. కొలంబో కచేరీలలో ఉద్యోగాలు పంచిపెడుతున్నప్పుడు ఆ కబురు కూడా అక్కడికి చేరే దారి లేదు. కార్ఖానా చెప్పులు, తయారైన బట్టలు బజారులోకి వచ్చాక పాత వృత్తులు ఒక్కొక్కటే సన్నగిల్లాయి.

ఆ పైన 1983 నుంచి 2009 దాకా సాగిన అంతర్యుద్ధంలో తూర్పు తీరం నలిగిపోయింది. నడుమ 2004 డిసెంబరు 26న సునామీ వచ్చి, బట్టికలోవాలో సముద్రాన్ని ఆనుకుని ఉన్న బర్గర్ల వాడను ఊడ్చిపెట్టింది. ఆ వాడ పేరు డచ్ బార్, అక్కడ నివసించేవారు మాత్రం పోర్చుగీసు బర్గర్లు. చాలా కుటుంబాలు మనుషులను, ఇళ్లతో పాటు పనిముట్లను కూడా పోగొట్టుకున్నాయి. చేతివృత్తివారి ఇంట్లో పనిముట్లు పోవడమంటే గుమాస్తా ఇంట్లో ఉద్యోగం పోవడంతో సమానం, అదీ ఏ పరిహారమూ లేకుండా. ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. శ్రీలంక అంతటా పెళ్లిళ్లలో, విందులలో మోగే బైలా పాటలకు మూలం ఈ పోర్చుగీసు సంతతి పాటలు, నృత్యాలే, వాటిలో ఆఫ్రికా సంతతివారి పాలు కూడా ఉన్నది. దేశమంతా ఆడిపాడిన ఆ సొమ్ములో బట్టికలోవా వడ్రంగికి చేరింది ఏమీ లేదని నా అభిప్రాయం.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన చిక్కు. ఎవరు డచ్చి బర్గరు, ఎవరు పోర్చుగీసు బర్గరు అన్నది ఎలా తేలింది? 1908లో ప్రభుత్వ పత్రభాండాగారాధికారి ఆర్. జి. ఆంథొనిజ్ చొరవతో కొలంబోలో డచ్ బర్గర్ యూనియన్ ఏర్పడింది. కంపెనీ కొలువులో ఉన్న ఐరోపా పురుషుడి నుంచి తండ్రి వరసలో దిగివచ్చినట్టు చూపించగలిగినవారికే అందులో సభ్యత్వం. ఆ సంఘం తన పత్రికలో వంశావళులను ఎంతో శ్రమపడి ప్రచురించింది. చరిత్రకారులకు అది గొప్ప మేలు, నేను కాదనను. కాని తల్లి వైపు లెక్కలోకి రాదు, రికార్డు లేనివాడు లెక్కలోకి రాడు. పాత డచ్చి కుటుంబమే అయినా పేదరికంలో పడి చేతిపనికి దిగితే, సాటి బర్గర్లే వారిని ‘మెకానిక్కులు’ అని చిన్నచూపు చూసి, పోర్చుగీసు వరసలో జమకట్టేవారు. చదువుకుని పైకొచ్చి, మంచి సంబంధాలు కలుపుకున్న కుటుంబానికి పోర్చుగీసు మూలం మెల్లగా మరుగునపడేది. డబ్బున్నవారు ఒక పేరు కిందికి, లేనివారు ఇంకో పేరు కిందికి చేరిపోయాక, ఏ పేరువారు ధనవంతులని లెక్క తీస్తే వచ్చే జవాబు ముందే తెలిసిపోతుంది. మీరు ఏ దేశంలోనైనా రెండు సంతతుల ఆదాయాలు పక్కపక్కన వేసిన పట్టిక చూసినప్పుడు, ఆ పేరు మనిషికి ఎవరు పెట్టారో, అతడే చెప్పుకున్నాడో, మరెవరైనా అంటగట్టారో ముందుగా అడగండి.

మన తెలుగువారినే చూడండి. ఇంగ్లీషువారి కాలంలో విశాఖపట్నం, శ్రీకాకుళం ప్రాంతాల నుంచి మలేసియా రబ్బరు, కొబ్బరి తోటలకు కూలీలుగా వెళ్లినవారి మునిమనవలకూ, 1965 అమెరికా వలస చట్టం తర్వాత డిగ్రీలతో అక్కడికి వెళ్లిన వైద్యుల, ఇంజనీర్ల పిల్లలకూ మాతృభాష ఒకటే. ఒకరిని కంగాణీ, అంటే కూలీలను కూడగట్టే మేస్త్రీ, చేతి బలం చూసి ఎంచుకున్నాడు, ఇంకొకరిని వీసా అధికారి పట్టా చూసి ఎంచుకున్నాడు. రెండు కుటుంబాల బ్యాంకు ఖాతాలను పోల్చి తెలుగు రక్తం గురించి ఎవరైనా సిద్ధాంతం చేస్తే మనం ఊరుకోము కదా.

డచ్చి బర్గర్ల పైచేయి ఎలా జారిపోయిందో కూడా చెప్పాలి. 1931లో వయోజనులందరికీ ఓటు వచ్చింది, జనసంఖ్యలో ఒక శాతం కూడా లేని సమాజానికి రాజకీయంగా పట్టు తగ్గింది. 1956లో సింహళం ఒక్కటే అధికార భాష అయింది. ఇంగ్లీషు మీద ఆధారపడిన ఉద్యోగులకు అది కాళ్ల కింద నేల కదిలినట్టయింది. భూములు లేవని చెప్పానే, ఆ లోటు అప్పుడు తెలిసివచ్చింది. వేలమంది ఆస్ట్రేలియాకు, ముఖ్యంగా మెల్‌బోర్న్‌కు ఓడలెక్కారు. 1981 జనగణనలో బర్గర్లు సుమారు 39 వేలు, 2012లో సుమారు 38 వేలు, అంటే దేశ జనాభాలో వెయ్యికి ఇద్దరు. ఆ లెక్కలో రెండు సంతతులనూ ఒకే గడిలో వేస్తారు. వలస వెళ్లిన డచ్చి బర్గర్ల సంపద ఆస్ట్రేలియా లెక్కలోకి చేరిపోయింది, కనుక ఇవాళ శ్రీలంకలో బర్గర్ల సగటు స్థితి చూసి పాత కొలంబో కుటుంబాల గురించి ఏమీ చెప్పలేము.

ఇది చదివాక, మరి బట్టికలోవావారు కూడా ఆస్ట్రేలియా ఎందుకు వెళ్లలేదని మీరు అడుగుతారు. అప్పటి ఆస్ట్రేలియా తెల్లవారికే చోటు అనే విధానం పాటించేది. మిశ్రమ సంతతివారైతే నూటికి 75 పాళ్లకు మించి ఐరోపా మూలం ఉన్నదని చూపించాలి, చూడటానికీ అలాగే ఉండాలి. కొలంబోలో యూనియన్ పత్రిక అచ్చువేసిన వంశావళులు అక్కడ సాక్ష్యంగా పనికివచ్చాయి. బట్టికలోవా కమ్మరికి తండ్రి వరస తెలుసు, తాత వరస తెలుసు, కాని అచ్చయిన కాగితం లేదు. ఓడ టికెట్టుకు కూడబెట్టిన జీతం లేదు, అధికారి ప్రశ్నలకు జవాబు చెప్పే ఇంగ్లీషు లేదు. ఆ నిబంధనలు సడలి, 1973లో ఆ విధానం పూర్తిగా రద్దయ్యేనాటికి కొలంబో కుటుంబాలు చాలావరకు వెళ్లి స్థిరపడిపోయాయి.

ఇట్లు,
మీ తాతయ్య