రిపోర్టు నార్మల్ వచ్చాక కూడా ఆ మాత్ర ఎందుకు?

పిల్లలూ,

మొన్న ఫోన్‌లో మీరడిగినదానికి సరిగ్గా చెప్పలేకపోయాను, అది మనసులోనే ఉండిపోయింది. బ్లడ్ క్యాన్సర్ వచ్చిన మనిషికి రక్తం రిపోర్టు నార్మల్ వచ్చేసింది కదా, ఇంకా రోజూ మాత్ర ఎందుకు వేసుకోవాలి అన్నారు. పెద్దవాళ్లే పొరబడి ప్రాణం మీదికి తెచ్చుకునే చోటు అది, అందుకే తీరిగ్గా రాస్తున్నాను. బ్లడ్ క్యాన్సర్లు చాలా రకాలు, నేను చెప్పేది సీఎంఎల్ (క్రానిక్ మైలాయిడ్ లుకేమియా) అనేదాని గురించి మాత్రమే.

ఒక కణం ఎప్పుడు రెండుగా చీలాలో దానికి కబురు రావాలి. ఆ కబురు మోసేవాటిలో కైనేజులనే ఎంజైములు ముఖ్యం, మన ఒంట్లో ఇవి 500కు పైగా ఉన్నాయి. కైనేజ్ చేసే పని వినడానికి చాలా చిన్నది: ఏటీపీ అనే అణువు నుంచి ఒక ఫాస్ఫేట్ ముక్క తీసి ఇంకో ప్రొటీన్‌కి అంటిస్తుంది, అంతే. దాంతో ఆ ప్రొటీన్ మేలుకుని మరోదాన్ని లేపుతుంది, అలా ఒకదాన్నొకటి లేపుకుంటూ కబురు జన్యువుల దాకా చేరుతుంది. ఆ తర్వాత కైనేజ్ ఆగిపోవాలి, వేలు తీయగానే కాలింగ్ బెల్ ఆగినట్టు. స్విచ్ లోపలికి ఇరుక్కుపోతే? గుమ్మంలో ఎవరూ లేకపోయినా మోగుతూనే ఉంటుంది. సీఎంఎల్‌లో తెల్ల రక్తకణాలు అంతలా పెరిగిపోవడానికి కారణం ఇదే.

ఇది ఒక్కరోజులో తెలిసిన విషయం కాదు. 1960లో ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ ఈ రోగుల కణాల్లో మరీ పొట్టిగా ఉన్న క్రోమోజోమ్ (జన్యువులుండే పోగు) ఒకటి చూశారు. ఎందుకు పొట్టిదైందో 1973లో జానెట్ రౌలీ తేల్చారు. ఆవిడ క్రోమోజోముల ఫొటోలు కత్తిరించి ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద పరుచుకుని జతలు చూసేవారు, అమ్మ కాగితం బొమ్మలతో ఆడుకుంటోందని పిల్లలు ఆట పట్టించేవారట. అలా కూర్చునే కనిపెట్టారు, 9వ క్రోమోజోమూ 22వదీ తమ ముక్కలు మార్చుకున్నాయని! ఆ అతుకు దగ్గర రెండు జన్యువులు కలిసి బీసీఆర్-ఏబీఎల్ అనే కైనేజ్ పుడుతుంది, దానికి ఆగడం తెలియదు.

మరి దాన్ని ఆపేదెలా? కైనేజ్‌లో ఏటీపీ కూర్చునే గుంటలో వేరే అణువును ముందే కూర్చోబెట్టాలి. కానీ కైనేజులన్నీ ఏటీపీనే వాడతాయి కదా, ఒకదాన్ని ఆపబోతే అన్నీ ఆగిపోవా అని చాలామంది శాస్త్రవేత్తలు సందేహించారు. ఇమాటినిబ్ అనే మందు ఆ సందేహం తీర్చింది. కైనేజ్ పని చేయకుండా ముడుచుకుని ఉండే క్షణంలో దాని ఆకారం వేరుగా ఉంటుంది, ఇమాటినిబ్ ఆ ఆకారాన్నే పట్టుకుని అలాగే ఉంచేస్తుంది. అమెరికా డాక్టరు బ్రయాన్ డ్రుకర్ బృందం 1998లో రోగుల మీద పరీక్షలు మొదలుపెట్టింది. రోజుకు 300 మిల్లీగ్రాములు, అంతకంటే ఎక్కువ తీసుకున్న 54 మందిలో 53 మందికి రక్తకణాల లెక్క మామూలుకు వచ్చింది. వీళ్లు అప్పటి మందు ఇంటర్‌ఫెరాన్ పనిచేయనివాళ్లో, దాన్ని తట్టుకోలేనివాళ్లో! ఈ అంకె చదివినప్పుడల్లా నాకు కళ్లు చెమరుస్తాయి. 2001 మేలో అమెరికాలో దీనికి అనుమతి వచ్చింది.

ఇక మీ ప్రశ్న. ఈ మాత్ర తప్పు జన్యువును బాగుచేయదు, అది కణాల్లో అలాగే ఉంటుంది. మాత్ర చేసేదల్లా గుంటను అడ్డుకోవడమే. సుమారు 18 గంటల్లో రక్తంలో మందు సగానికి తగ్గిపోతుంది, అంటే రోజూ వేసుకోకపోతే గుంట ఖాళీ అవుతుంది, బెల్ మళ్లీ మొదలు. పైగా ఎముక మజ్జలో కొన్ని మూలకణాలు మందుకు చావకుండా దాక్కుని ఉంటాయి, మామూలు రక్తపరీక్షకు అవి కనబడవు.

కొందరిలో ఆ గుంట ఆకారమే మారిపోయి ఇమాటినిబ్ పట్టదు, అలాంటివాళ్ల కోసం డాసాటినిబ్, పొనాటినిబ్ లాంటివి వచ్చాయి. కళ్ల చుట్టూ వాపు, కండరాలు పట్టేయడం, వికారం ఉండొచ్చు, అవి డాక్టరుకు చెప్పుకోవాలి కానీ టెన్షన్ పడి సొంతంగా మానకూడదు.

జీవితాంతం వేసుకోవాలా అంటే, అందరికీ అక్కర్లేదు. ఏళ్ల తరబడి బీసీఆర్-ఏబీఎల్ జాడ దాదాపు లేనంతగా తగ్గినవాళ్లకు డాక్టర్లే మందు ఆపి, మొదట్లో నెలనెలా పరీక్ష చేస్తారు. అలా ఆపినవాళ్లలో దాదాపు సగం మందికి జబ్బు తిరిగి రాలేదు. మిగతావాళ్లు మళ్లీ మాత్ర మొదలుపెడితే చాలామందికి అదుపులోకి వచ్చేస్తోంది.

ఇంకేమైనా అడగాలనిపిస్తే రాయండి.

మీ తాతయ్య