అమ్మమ్మే మేనత్త అయితే డీఎన్ఏ ఏం చెబుతుంది?

గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష నేర్చిన పర్లాకిమిడి దాటి గుమ్మా వైపు కొండలెక్కితే, సవర గిరిజనుల ఊళ్ళ దగ్గర నిలువు రాళ్ళు గుంపులుగా కనిపిస్తాయి. పోయినవాళ్ళ పేరిట పాతినవి. ఏ వంశం రాళ్ళు ఆ వంశానివే. కానీ వాటి కింద తవ్వి చుట్టరికాలు తేల్చలేం. సంప్రదాయంగా సవరలు శవాన్ని దహనం చేస్తారు, బాగా కాలిన ఎముకలో డీఎన్ఏ దాదాపు మిగలదు.

పాతిపెట్టిన చోట సంగతి వేరు. ఇంగ్లండులోని హేజల్టన్ నార్త్ రాతి సమాధి సుమారు 5,700 ఏళ్ళ నాటిది. అందులోని 35 మంది డీఎన్ఏ పరీక్షిస్తే 27 మంది ఒకే కుటుంబమని, అయిదు తరాల వాళ్ళని 2021లో తేలింది. మూలపురుషుడు ఒక్కడు, అతని వల్ల పిల్లల్ని కన్న స్త్రీలు నలుగురు. ఇద్దరు తల్లుల సంతానాన్ని ప్రధానంగా దక్షిణపు గదిలో, మిగతా ఇద్దరి సంతానాన్ని ఉత్తరపు గదిలో పెట్టారు. చచ్చాక కూడా సవతుల వాటాలు వాటాలే! ఇంకో విశేషం, ఆ ఇంటి కోడళ్ళకు వేరే మగవాళ్ళ వల్ల పుట్టిన కొడుకులూ అక్కడే ఉన్నారు. రక్తం కలవకపోయినా వాళ్ళను ఇంటివాళ్ళుగానే చూశారన్నమాట.

మన ఇళ్ళల్లో అయితే ఈ లెక్క అంత సులువుగా తెగదు. పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో ఒకాయన అక్క కూతుర్ని చేసుకున్నాడనుకోండి. పుట్టిన బిడ్డకు అమ్మమ్మే మేనత్త కూడా. తల్లి వైపు నుంచి అమ్మమ్మతో డీఎన్ఏ పావు వంతు కలుస్తుంది, తండ్రి వైపు నుంచి అదే మనిషితో ఇంకో పావు. మొత్తం సగం! మామూలుగా తల్లీబిడ్డల మధ్య ఉండేదీ అంతే. వేల ఏళ్ళ తర్వాత ఎవరైనా ఆ అమ్మమ్మ, బిడ్డల ఎముకలనే పక్కపక్కన పెట్టి పైపైన లెక్కేస్తే అమ్మమ్మను తల్లిగా రాసేస్తారు. చిక్కు విప్పే దారి బిడ్డ డీఎన్ఏలోనే ఉంది. తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన రెండు ప్రతులు పొడుగాటి ముక్కల్లో అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటే అది మేనరికమో, అలాంటి దగ్గరి సంబంధమో. కంచు యుగపు క్రీటు దీవిలో దగ్గరి చుట్టాల పెళ్ళిళ్ళు మామూలేనని ఇలాగే పట్టుకున్నారు.

అసలు టెన్షన్ మన ఎండలతో. వేడికి, తేమకు డీఎన్ఏ చిట్లిపోతుంది. హర్యానాలోని రాఖీగఢీలో, అంటే సింధు నాగరికత నాటి ఊళ్ళో, 61 నమూనాలు వెతికితే పనికొచ్చే డీఎన్ఏ ఇచ్చింది ఒక్క స్త్రీ అస్థిపంజరమే. ఒక్క మనిషితో వంశవృక్షం గీయలేం కదా. ఉన్నంతలో లోపలి చెవి చుట్టూ ఉండే గట్టి ఎముకే మేలు. అందుకే పుర్రె బయటపడగానే చూడ్డానికి బాగుండాలని నీళ్ళతో కడిగి ఎండలో పెట్టడం నా దృష్టిలో పెద్ద తప్పు. ముందు గ్లవ్స్ వేసుకుని ఆ చెవి ఎముకను పొడిగా, చల్లగా దాచాలి.